ముప్పయ్యొక్క బస్సుల పొగ ధ్రువపత్రాలు

రవాణా శాఖ తనిఖీ అధికారి గారి సముఖమునకు,
బస్ డిపో గేటు పక్కన పొగ పరీక్ష కేంద్రం నడుపుతున్నవాడు సమర్పించుకొను అర్జీ.

విషయం: నేను సంతకం చేసిన ముప్పయ్యొక్క ధ్రువపత్రాలను రద్దు చేయుట గురించి.

అయ్యా,

పోయిన నెల పదకొండున నా భార్య ఎప్పటిలాగే ఉదయం ఆరింటికి డిపోలో టికెట్ కిటికీ తెరిచింది. పదిన్నరకు ఫోన్ చేసి ఆయాసంగా ఉందంది. పరీక్షకు రెండు బండ్లున్నాయి, చూసి వస్తానన్నాను. వెళ్లేసరికి కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందన్నారు. సాయంత్రం నాలుగింటికి పోయింది. వయసు నలభై ఆరు.

తమకు మనవి చేయునది:

1. సదరు కిటికీ బస్సుల పొగ గొట్టాలకు ఎదురుగా ఉన్నది. ఆపితే మళ్లీ స్టార్టవవని డ్రైవర్లు ఇంజిన్లు ఆపరు. ఆమె అక్కడ పన్నెండేళ్లు కూర్చున్నది.

2. పరీక్ష కడ్డీని గొట్టంలోకి జానెడు లోతు దించవలెను. నేను నాలుగు వేళ్ల మేరే దించితిని. అటులైతే బయటి గాలి కలిసి యంత్రంలో పొగ అంకె తగ్గును. ముప్పయ్యొక్క బస్సులూ ఈ విధముగానే పాసైనవి.

3. నన్నెవరూ బలవంతపెట్టలేదు. డిపో మేనేజరు "బండ్లు ఆగితే జనం నన్ను పీక్కుతింటారు గురూ, కాస్త చూడు" అన్నాడు. అంతే. చూశాను.

4. మూడు నెలల క్రితం డాక్టరమ్మ నా భార్య రక్తాన్ని మైక్రోస్కోపు తెర మీద చూపించారు. ఎర్ర కణాలకు నల్లటి చుక్కలు అంటుకుని ఉన్నవి. "పొగలోని నలుసులమ్మా ఇవి. ఊపిరిలోంచి రక్తంలోకి దిగుతాయి. ముందు ఆ సీటు మార్పించుకో" అన్నారు. నా భార్య నవ్వి, "ఆ బస్సుల్ని పరీక్ష చేసేది మా ఆయనేనండీ. అన్నీ పాసే. ఈయన ఇంట్లో అగరుబత్తి వెలిగించినా ఊరుకోరు" అన్నది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆమె సీటు మార్పు అడగలేదు.

5. ఆ చుక్కల వల్లే పోయిందని డాక్టరమ్మ అనలేదు. కాదనీ అనలేదు. నేను అడగలేదు.

6. ఆ కుర్చీలో ఇప్పుడు కొత్తమ్మాయి కూర్చుంటున్నది. మొన్న ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "బాబాయ్, బస్సులన్నీ పాసేనంట కదా, మరి ఈ పొగేంటి?" అని అడిగింది. నేను నా కేంద్రానికి వచ్చేశాను. పత్రాలకు ఇంకా రెండు నెలల గడువున్నది.

కావున ఆ పత్రాలనూ, నా కేంద్రం లైసెన్సునూ రద్దు చేయవలెను. నాపై తీసుకొనదగిన చర్య తీసుకొనవలెను. భార్య పోయినవాడని ఉపేక్షించవద్దు. ఇది తమరు స్వయముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పై పత్రాలపై సంతకం చేసినవాడు

తా.క.: తమ కార్యాలయం పదింటికి గాని తెరవరు. రేపు ఉదయం నాలుగున్నరకే యంత్రం తీసుకుని డిపోకు వెళతాను. అక్కడున్న బస్సులు ఎన్నయితే అన్ని, సరిగ్గా పరీక్షిస్తాను. వచ్చిన అంకెలను టికెట్ కిటికీ తలుపు మీద సుద్దతో పెద్దగా రాస్తాను. ఆ అమ్మాయి కూర్చునే ముందే చదువుకోవాలి.