వెంకటేసు తెప్ప దించాడు

పోలమ్మక్కా,

నువ్వున్నన్నాళ్ళూ నీకొచ్చిన ఉత్తరాలు నేనే చదివి వినిపించాను. ఇది మాత్రం ఎవరూ చదివి వినిపించలేని ఉత్తరం.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇన్నాళ్ళూ సముద్రం వైపే చూడని నీ కొడుకు వెంకటేసు ఈ పొద్దున తెప్ప దించాడు. అందరూ నైలాన్ వలలకు మారుతున్నా, నువ్వు అల్లిన నూలు వలే తీసుకున్నాడు.

యాభై ఎనిమిదిలో మా ఆయన మైపాడు బడికి అయ్యవారుగా వచ్చిన కొత్తలో, నేను ఒడ్డు చూద్దామని వచ్చాను. వేటకు పోయేవాళ్ళను పలకరించబోతే, నువ్వు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగావు.

"యాడికని అడగబాకమ్మా. ఎనకనించి పిలవబాక. వలని దాటబాక, సుట్టూ తిరిగి పో" అన్నావు.

నెల్లూరులో పుట్టిన నాకు ఆ ఇసుక మీద మసలడం నేర్పింది నువ్వే. తెప్పలు అలలు దాటేదాకా మనిద్దరం నోరు మెదిపేవాళ్ళం కాదు. దాటాక నీ కబుర్లకు అంతుండేది కాదు.

ఇవాళ కూడా ఎడంగానే నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. మోకాటిలోతు నీళ్ళలోకి పోయాక వాడే వెనక్కి తిరిగాడు. ఒడ్డున అందరూ గుసగుసలాడారు.

"అయ్యోరమ్మా, అమ్మ లేదు గదా. నువ్వన్నా ఒక మాట చెప్పి పంపించు" అన్నాడు.

పోయేవాడే ఆగి అడిగితే ఏం చెయ్యాలో నువ్వు నాకు చెప్పలేదక్కా. చీర తడుస్తున్నా నీళ్ళలోకి దిగాను. వాడి భుజం మీద చెయ్యి వేసి, "పొయ్యిరా నాయనా" అన్నాను.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చేపలు పెద్దగా పడలేదు. రేపు మళ్ళీ పోతాడంట.