వంశంలో నీ పేరు

నాయనమ్మా,

మన వంశం చెప్పే మల్లయ్య, నువ్వు పోయాక మొదటిసారి ఈ రోజు తొండుపల్లికి వచ్చాడు. పంటలవగానే వచ్చి, మన తాతముత్తాతల పేర్లు పాడి, వడ్లు తీసుకుని పోయేవాడు కదా. "నా పేరేది మల్లయ్యా?" అని నువ్వు ఏటా అడిగేదానివి. అందరూ నవ్వేవాళ్లు.

ఇప్పుడు మనకు వడ్లు లేవు. తాత పోయాక నువ్వొక్కదానివే దున్నిన చేను ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది. కొన్న బియ్యం చేటలో పట్టుకుని గడపలో నిలబడ్డాను. మల్లయ్య ఏడు తరాల మగవాళ్లను చెప్పి, నీ కొడుకు పేరుతో ఆపి, జోలె చాపాడు.

"మా నాయనమ్మ పేరేది?" అన్నాను.

"ఆడోళ్ల పేర్లు చెప్పరు బిడ్డా. మా బాపు గట్లనే నేర్పిండు."

"ఇగ నువ్వు నేర్చుకో. తాత పోయినంక చేను దున్నిందెవరు?"

నాన్న లోపలి నుంచి "పోనియ్యవే" అన్నాడు. నేను బియ్యం పోయలేదు.

చివరికి మల్లయ్య వెనక్కి, మా తాత పేరు దగ్గరికి వెళ్లి, "ఆయన పెండ్లాం బాలమ్మ, చేను నిలబెట్టింది" అని పాడాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీంచి విమానం పోయింది. పక్కనే ఉన్న నాకు తప్ప నీ పేరు ఎవరికీ వినపడలేదు.

మోత తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదటి తరం నుంచి పాడమన్నాను.