అస్సలు నడవట్లేదు

ఒరేయ్ బక్కోడా, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఈ ఊరి ఎగ్జిబిషన్‌లో బ్యాగుల స్టాల్ పెట్టానా, చూసేవాళ్ళే గానీ కొనేవాళ్ళు లేరు. మనసు బాగోక రాయలేదు.

డాక్టరు చెప్పాడుగా, ఊరెళ్ళినా నడక మానొద్దు, మానితే మోకాలు పట్టేస్తుందని. నేను మానలేదురా, ఒట్టు! బయట వాన. అందుకే రోజూ పొద్దున్నే లాడ్జి వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతున్నా. పక్కగది పెద్దాయన జాలిపడి, "బాత్రూం ఖాళీ లేదా బాబూ? మాది వాడుకో" అన్నాడు. ఇప్పుడు ఆయనా నాతో నడుస్తున్నాడు.

నిన్న మీ చెల్లెమ్మ ఫోన్ చేసి "ఎలా ఉందండీ?" అంది. బేరాల సంగతి అనుకుని, "అస్సలు నడవట్లేదే, పొద్దస్తమానం కుర్చీలోనే" అన్నా. అంతే! "కాలు పాడుచేసుకుంటున్నారా? వచ్చెయ్యండి, ఇకమీదట ఊళ్ళకి మా తమ్ముడే వెళ్తాడు" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే బామ్మర్ది ఎత్తి, "బావా, స్టాల్ తాళాలు ఎవరిస్తారు?" అంటాడు! వాడికి హ్యాండ్‌బ్యాగుకీ కూరగాయల సంచికీ తేడా తెలీదురా. ఊళ్ళు తిరక్కుండా నేను ఇంట్లో ఎలా కూర్చోను?

రోజూ నాతో నడిచేవాడివి, నీ మాటైతే నమ్ముతుంది. ఇవాళే వెళ్ళి, నడవనిది బేరాలే గానీ నేను కాదని చెప్పు. ఆమె శాంతిస్తే ఎగ్జిబిషన్ అయ్యాక ఆదివారం వస్తా. లేదంటే రేపే, పెట్టెతో సహా మీ ఇంటికే. మరి ఎప్పుడు కలుద్దాం, ఆదివారమా, రేపా?