హట్టన్ ఉన్న పుస్తకం

శనివారం, కోవిల్‌పట్టి

ఇవాళ విరుదునగర్ వెళ్లి శ్రీలంక టూరు పుస్తకం కొన్నాం. పెళ్లయిన ముప్పై ఏళ్లకు మేమిద్దరం చేయబోయే మొదటి విదేశీ ప్రయాణం. సంతోషంగా ఉండాల్సింది. కానీ మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

షాపులో రెండు పుస్తకాలు చూపించారు. నాకు నచ్చినదాని నిండా సముద్రతీరాలు, గుడుల ఫోటోలు. మా ఆయన దాని చివరి పేజీల్లో ఊళ్ల పట్టిక మీద వేలు పెట్టి వెతికి, "దీంట్లో హట్టన్ లేదు, ఇది వద్దు" అన్నారు. రెండోదాంట్లో ఆ పేరు కనబడగానే ఆ పేజీ పట్టుకుని కదలకుండా నిలబడిపోయారు. అది టీ తోటల ఊరట. ఆయన పుట్టి పెరిగింది మా పక్కనున్న కడంబూరులోనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "ఆ ఊరు మీకెట్లా తెలుసు?"

పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "నేను పుట్టింది ఆడనే. మా నాయన తోటలో కూలి. మేమంతా తిరిగొచ్చేస్తిమి, అక్క మాత్రం ఆడనే నిలిచిపోయె."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్పి ఏమి చేసేది?"

అత్తగారు కూడా పోయేదాకా ఒక్క మాట అనలేదు. కన్నకూతురి ఊసే ఎత్తకుండా ఏ తల్లయినా ఉండగలదా? అయినా నమ్మాలనే అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, "వదిన పేరు ఏంది?" అని అడిగాను.

వెంటనే జవాబు రాలేదు. బస్సు సాత్తూరు దాటాక, "లచ్చిమి" అన్నారు.

సొంత అక్క పేరు చెప్పడానికి అంతసేపు ఆలోచించాలా?