పొద్దున ఆపాల్సింది సాయంత్రం ఆపాను

ఆదివారం, బోనాల రోజు

ఇవాళ తలుపు కాయడంతోనే అలసిపోయాను.

మా ఆవిడ సుజాతకు మూడో కీమో అయి పది రోజులు. పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరమ్మ మొన్న మళ్లీ చెప్పింది. ఆ మందు గడ్డతోపాటు ఒంటిని కాపాడే తెల్లకణాలనూ చంపుతుందట. ఎవరు మనవాళ్లో దానికి తెలియదట. చచ్చే గడ్డను చూసి, మిగిలిన తెల్లకణాలు శత్రువును గుర్తుపట్టడం నేర్చుకోవచ్చట. అందరిలోనూ అలా జరగదని కూడా అంది. కణాలు మళ్లీ పెరిగేదాకా ఇంట్లోకి ఎవరినీ రానివ్వొద్దంది.

పొద్దున మా అన్న బల్కంపేట గుడి దగ్గరి జనంలోంచి నేరుగా వచ్చాడు. దగ్గుతున్నాడు. అమ్మవారి పసుపు తెచ్చిన పెద్దవాణ్ణి గడపలో ఆపడానికి నాకు నోరు రాలేదు. మంచం దాకా వెళ్లి ఆమె నుదుట బొట్టు పెట్టాడు.

సాయంత్రం పక్కింటి రెహానా ఆపా మాస్కు పెట్టుకుని వేడి కిచిడీ తెచ్చింది. పొద్దుటి తప్పు గుర్తొచ్చి తలుపు సగమే తీశాను.

"ఎవ్వర్నీ రానిస్తలేం ఆపా."

"జర గీడ్నించే చూసి పోత భాయ్."

వద్దన్నాను. గిన్నె నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

సుజాత లోపలి నుంచి అంతా విన్నది. కిచిడీ ముట్టలేదు. ఇందాక చూస్తే జ్వరం తొంభైతొమ్మిది. వంద దాటితే వెంటనే తీసుకురమ్మన్నారు. థర్మామీటరు మళ్లీ పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మందుకైతే మనోళ్లెవరో తెల్వదు. నీకు సుత తెల్వదా?"