పాసైనవాళ్ళకే ఫీజు

జూలై 1

అమ్మకు,

పెద్దలకు మనం దణ్ణం పెట్టే పద్ధతిలో నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకుని మొదలుపెడుతున్నాననుకో. ఇక్కడ తాతయ్య, చెల్లి మరీసెల్, నేను ముగ్గురం కులాసా. అలాస్కా చలిలో, ఆ చేపల ఫ్యాక్టరీలో నువ్వూ కులాసాగానే ఉన్నావని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే నీ వెనక పదిమంది వరుసలో నిలబడి ఉంటారు. నేను చెప్పవలసింది నువ్వొక్కదానివే వినాలి.

ముందు నీ ప్రశ్నలు. తాతయ్య మోకాలి వాపు తగ్గింది. మాత్ర వేసుకోమంటే, "నలభై ఏళ్ళు ద్రాక్షతోటలో వంగిన మోకాలు, దీనికి మాత్రలేమిటే" అంటాడు గాని వేసుకుంటున్నాడు. కూలర్ బాగుచేయించాం. మునగచెట్టుకు రోజూ నీళ్ళు పోస్తున్నాం. మొన్న ఆకు కోసి ఎండుచేపతో పులుసు పెట్టాను. "మీ అమ్మ గుర్తొచ్చింది" అన్నాడు తాతయ్య. నేను పొంగిపోయేలోపే, "ఆవిడ వంట బాగుండేది" అని ముగించాడు.

నా ఉద్యోగం సంగతి కూడా అడిగావు. చల్లటి గదిలో కూర్చునే పని, ఇంకేం కావాలే అని రాశావు. నిజమే, గది చల్లగానే ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా ఊరు దాటలేదని మనసు పీకుతుంటే, మే మొదట్లో వేసవి బడిలో పేర్లు రాసుకునే ఈ పని దొరికింది. భోజనాల హాల్లో రెండు బల్లలు వేశారు. ఏడాదిలో ఫెయిలైన పిల్లలకు ఒక బల్ల. వాళ్ళు ఆ పాఠం, అంటే ఆ సబ్జెక్టు మొత్తం, మళ్ళీ చదువుకుంటారు, డబ్బు అక్కర్లేదు. పాసై, పై క్లాసు పాఠం ముందే ముగించుకుందామనే పిల్లలకు రెండో బల్ల. అక్కడ ఒక్కో పాఠానికి ఆరువందల డాలర్లు. ఆ డబ్బు బడి తీసుకోదు, బడివాళ్ళే విడిగా పెట్టిన ఒక సంస్థ తీసుకుంటుంది.

షెడ్డులో నీతోపాటు ద్రాక్ష ప్యాక్ చేసే కబనీలియా గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"సర్కారు బడికి ఫీజేమిటమ్మా?" అన్నారు.

"బడికి కాదండీ, సంస్థకి."

"గది బడిదేగా?"

"అవునండీ."

"టీచరు కూడా బడి ఆవిడే. మరి సంస్థది ఏముంది?"

"రసీదండీ" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. ఆ రోజు నా మాటకారితనం చూసి నాకే ముచ్చటేసింది.

ఇక నీ ఉత్తరంలో పెద్ద ప్రశ్న. ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చుకునే పిల్ల జామెట్రీలో ఎలా ఫెయిలైంది అని అడిగావు. "దానితో చెప్పు, చదువు వద్దనుకుంటే వచ్చే ఏడు నా పక్కన నిలబడి చేప పొట్టలు కోయమని" అని రాశావు. చదివి వినిపించమన్నావు కనుక అన్నాల దగ్గర వినిపించాను. మరీసెల్ తల వంచుకుని వింది. "ఇంకేం రాసింది?" అని మాత్రం అడిగింది. ఆ క్షణంలో నేను నోరు విప్పవలసింది. తాతయ్య కంచంలోకి ఇంకో గరిటె అన్నం వడ్డించాను.

అమ్మా, అది ఫెయిలవలేదు. కావాలని ఫెయిలయింది. ఆ దారి చూపించింది నేను.

మే నెలలో నువ్వు ప్రయాణానికి సామాను సర్దుకుంటున్న రోజుల్లో, గిన్నెలు కడుగుతూ అది నన్నడిగింది.

"అక్కా, వేసవిలో రెండో ఆల్జీబ్రా ముగించేస్తే ఆఖరి ఏడు పెద్ద లెక్కలు తీసుకోవచ్చట. నన్ను చేర్పిస్తావా?"

"ఆరువందలుందా?"

"లేదు."

"అయితే ఫెయిలవు. మా దగ్గర ఫెయిలైనవాళ్ళకు ఫ్రీ, పాసైనవాళ్ళకే ఫీజు."

"నిజంగానా?"

"రూలే అది తల్లీ" అన్నాను నవ్వుతూ. అది నవ్వలేదని అప్పుడు చూసుకోలేదు.

ఆఖరి పరీక్షలో కాగితం మీద పేరు మాత్రం రాసి ఇచ్చింది. చేసిన ప్రాజెక్టు కూడా ఇవ్వకుండా సంచిలోనే దాచుకుంది. నువ్వు విమానం ఎక్కిన వారానికి నా బల్ల ముందు వరుసలో నిలబడి, మార్కుల కాగితం నా చేతికిచ్చింది. దాని ముఖం వెలిగిపోతోంది.

"ఫెయిలయ్యానక్కా. ఇప్పుడు ఆల్జీబ్రా రాయి."

ఫెయిలైన పాఠమే ఫ్రీ, వేరే పాఠం కాదు. కంప్యూటరు జామెట్రీ ఒక్కటే చూపిస్తోంది. ఆ మాట చెబితే, "నువ్వే అన్నావుగా" అంది మెల్లగా. వెనక ఇరవైమంది ఉన్నారు. నేనేం చేశానో తెలుసా? "పక్కకు జరగండి, తర్వాతివాళ్ళు రండి" అన్నాను. సొంత చెల్లెల్ని 'అండి' అన్నాను. ఇప్పుడది తనకు నోటికి వచ్చిన త్రిభుజాలే రోజూ పొద్దున్నే వెళ్ళి మళ్ళీ గీసుకొస్తోంది.

ఇంకా ఉందమ్మా. మొదటి రోజే మా పై అధికారి ట్రూడీ ఒక కాగితం నా సొరుగులో పెట్టింది. సర్కారు బడి ఏ పాఠానికీ, వేసవి పాఠానికైనా సరే, పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదనీ, కట్టలేమన్నవాళ్ళను ఊరికే చేర్చుకోవాలనీ అందులో ఉంది. "అడిగితే చూపించు. అడగనివాళ్ళకు మనం గుర్తుచేయడమెందుకు" అంది. ఆగస్టులో ఖాయం ఉద్యోగం ఒకటుందనీ, నా పేరు చెప్పాననీ ఆ ఊపులోనే అంది. కబనీలియా గారు ఫీజేమిటన్నారు గాని కాగితం చూపించమనలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఇంట్లోవాళ్ళకు చెబితే మాట బయటికి పొక్కుతుందని మరీసెల్‌కూ చెప్పలేదు. గిన్నెలు కడుగుతున్న రోజు కూడా నాకంతా తెలుసు. తెలిసే హాస్యమాడాను.

నిన్న సాయంత్రం కబనీలియా గారింటికి వెళ్ళి ఆ కాగితం ఇచ్చాను. తిప్పి తిప్పి చదివి, "నేనొచ్చిన రోజు ఇది ఎక్కడుందమ్మా?" అన్నారు. "నా సొరుగులోనే" అన్నాను. కూర్చోమనలేదు. తప్పు పట్టను.

ఇంటికొచ్చి మరీసెల్‌తో అంతా చెప్పాను. "అమ్మకు రాయకక్కా. నీ ఉద్యోగం పోతుంది. నన్ను తిడితే తిట్టనీ" అంది. పదహారేళ్ళ పిల్ల నాకోసం అంత మాటన్నాక ఈ ఉత్తరం రాయకపోతే నేను మనిషిని కాను. దానికి వేరే కవరులో రెండు ముక్కలు రాయి. నన్ను తరవాత తీరిగ్గా తిట్టు.

దీనితో ఒక ఫిర్యాదు పత్రం పెడుతున్నాను. పిల్లకు పద్దెనిమిది నిండలేదు కనుక తల్లి సంతకం కావాలి. రెండో విడత పాఠాలు ఇరవై రెండున మొదలవుతాయి. ఆలోపు ఈ పత్రం తిరిగి చేరితేనే దానికి ఆల్జీబ్రాలో ఉచితంగా చోటు. గడులన్నీ నింపాను. నాలుగో గడిలో, 'ఉచితంగా చేరవచ్చని మీకు చెప్పని ఉద్యోగి ఎవరు' అని ఉంది. ట్రూడీ పేరు రాయబోయి ఆగాను. ఆమె మరీసెల్‌ను చూడనైనా లేదు. మన ఇంటిపేరుతో సహా నా పేరే రాశాను. అది చూసి చెయ్యి ఆపకు. కింద సంతకం పెట్టి, వచ్చే టపా విమానంలోనే పంపించు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
రోవెనా