మందు ఏసిన బావి

కోడేరు, 1941 చైత్రం

ప్రియమైన నాగేంద్రమ్మకు,

నేను మంచిగనే ఉన్న, పరేషాన్ కావొద్దు. ఈడ గత్తర, అదే కలరా, లేచింది. సూదులెయ్య, బావులల్ల మందు కలప సర్కారు దవాఖానోళ్లు నన్ను పంపిన్రు. ఊరి బావిల ఎర్రమందు కలిపినంక ఊర్ల రోగం తగ్గింది. మాదిగవాడల తగ్గలే. వాళ్లను బావి తొక్కనియ్యరు, వాగు ఇసుకల తవ్విన చెలిమె నీళ్లే తాగుతరు. బిడ్డను పోగొట్టుకున్న మల్లమ్మ అడిగింది: "మేం తాగని నీళ్లల్ల మందేస్తే మాకేం ఫాయిదా అయ్యా?" పటేల్‌ను బతిమిలాడితే బావి మైలైతదన్నడు. రోగం ఆపనీకి వచ్చిన్నో, ఎవరు బతకాల్నో చెప్పనీకి వచ్చిన్నో తెలుస్తలేదు. నువ్వేమంటవు?

నీ దశరథం

గద్వాల

నా పాణమైన మీకు,

ఉత్తరం అత్తమ్మకు సదివి వినిపించిన. మాదిగవాడల తిరిగినోడు తానం చెయ్యంది మన మగ్గం కాడికి రావొద్దన్నది. నాకూ తప్పనిపియ్యలే. చిన్నప్పటి సంది గట్లనే పెరిగితిమి. కని బిడ్డ పోయిన ఆ తల్లి మాట మనసుల్నుంచి పోతలేదు. మీరు బావి తొక్కితే పటేల్ ఏమనడు గద. మీరే చేది వాళ్ల కుండలల్ల పొయ్యరాదా? గిది సరైందో కాదో నాకూ తెల్వదు.

మీ నాగేంద్రమ్మ

కోడేరు, వైశాఖం

ప్రియమైన నాగేంద్రమ్మకు,

ఇన్నాళ్లు రాయలేకపోతి. నువ్వన్నట్లే చేది పోసిన. వాడల రోగం తగ్గుకుంట వచ్చింది. ఊరోళ్లు నాకు అన్నం పెట్టుడు బంద్ చేసిన్రు. అంతల గత్తర నన్నే పట్టింది. ఊర్ల ఒక్కరు నా గడప తొక్కలే. మల్లమ్మనే ఊరి బావి ఎక్కి నీళ్లు చేది, కాసి, ఉప్పేసిన గంజి తాగిపించి బతికించింది. సర్కారు మనిషి సస్తే తన మీదికి వస్తదని పటేల్ చూసుకుంట నిలబడ్డడట.

నేను లేసినంక ఆమెను మళ్ల బావి తొక్కొద్దన్నడు. "నా కోసం చేదినప్పుడు మైల కాని బావి, ఆమె తాగ చేదితే ఎట్ల మైలైతది పటేలా?" అని అడిగిన. మల్లమ్మ ఆగలే. ఆమె ఎనుక వాడ ఆడోళ్లంత కుండలు పట్టుకొని వచ్చిన్రు. ఎవరూ అడ్డం రాలే. భయమో, సిగ్గో నాకు సమజైతలేదు.

ఆమె చేతి గంజి తాగినోన్ని ఇంట్లకు రానిస్తరా?

నీ దశరథం

గద్వాల

నా పాణమైన మీకు,

మీరు బతికిన్రని అత్తమ్మ ఏడ్చింది. ఆ కండ్లతోనే ఇంట్లకు రానియ్యనన్నది. రెండిట్ల ఏది ఆమె అసలు మనసో నాకు తెల్వదు.

సోమవారం నేనే బయలెల్లి వస్తున్న. ముందుగాల మల్లమ్మకు దండం పెడ్త. తాగ నీళ్లడుగుత. అవి నా గొంతు దిగుతయో లేదో ఈడ కూసొని చెప్పలేను. దిగకుంటే, దిగెదాక ఆమె వాకిట్లనే కూసుంట.

మీ నాగేంద్రమ్మ